ఫ్రీ బస్సు ఓటు

మంగళవారం, పోలింగ్ ముగిసిన రాత్రి

లాన్‌లో పకోడీలు పెడుతున్న వంటమనిషి యాదమ్మను, ఓటెవరికి వేశావని నాన్న అతిథుల ముందే అడిగారు.

"ఫ్రీ బస్సు ఇచ్చినోళ్లకే సార్. ఛార్జీలు మిగులుతున్నయి."

ఆమెను తీసుకెళ్లడానికి ఆటోతో వచ్చిన భర్త మల్లేశ్ గేటు దగ్గరే విన్నాడు. ఆ బస్సులొచ్చాక అతని ఆటో ఎక్కేవాళ్లు లేరు.

"నా కడుపు కొట్టినోళ్లకు ఏసినవా? గట్లయితే బస్సులనే రా!" అని ఒక్కడే యూసుఫ్‌గూడలోని వాళ్లింటికి వెళ్లిపోయాడు.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

"డైలాగ్ అదిరింది! రాసుకో అమ్మలూ, మనం తీసే సినిమాకు పనికొస్తుంది" అన్నారు నాన్న.

గిన్నెలు కడిగాక యాదమ్మ నా గదికొచ్చింది.

"ఇంటికి పోతే కొడ్తడు చిన్నమ్మా. ఈ రాత్రికి గీడనే పండుకోనా?"

నాన్నను అడగాలంటే భయమేసింది. ఆఖరి బస్సు ఎప్పుడో ఫోన్‌లో చూసి చెప్పాను.