మొదటి పేజీలో నీ పేరు

ఏన్కూరు,
ఏప్రిల్, 1989.

చిరంజీవి ప్రమీలారాణికి,

వదిన భద్రమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అత్తమ్మ, నా బిడ్డ సమ్మక్క, నేను బాగానే ఉన్నాం. అంత దూరపు ఊళ్ళో నువ్వు వేళకు తింటూ, ఒంట్లో నలత లేకుండా ఉన్నావని తలుస్తూ మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు రాయడానికి తీరిక లేక కాదు. కాగితం ముందు పెట్టుకుని కూర్చోవడం, పైన నీ పేరు రాయడం, మళ్ళీ మడిచి పెట్టడం. ఇవాళ మాత్రం పూర్తిచేసి పోస్టు డబ్బాలో వేసేదాకా లేవకూడదని కూర్చున్నాను.

అత్తమ్మ కళ్ళ సంగతి అడిగావు. ఖమ్మం దవాఖానాలో శుక్లం తీయించాం. కట్టు విప్పగానే నా మొహం చూసి, "గింత చిక్కిపోయినవేందే, నువ్వు తింటున్నవా లేదా?" అంది. చూపు లేనప్పుడే నయం అనిపించింది నాకు. ఇప్పుడు బియ్యంలో రాళ్ళు తనే ఏరుతోంది, సూదిలో దారం కూడా ఎక్కిస్తోంది. మీ అన్న చొక్కాలు తీసి గుండీలు సరిచూసి మళ్ళీ మడిచి పెడుతోంది. ఎందుకని నేను అడగను.

సమ్మక్క పదో తరగతిలోకి వస్తుంది. అత్తలాగే సైన్సు చదువుతానంటోంది. నువ్వు పంపిన భూగోళం బొమ్మ మీద పూనా ఎక్కడుందో, మనమెక్కడున్నామో వేలితో కొలుస్తూ కూర్చుంటుంది. నా అంగన్‌వాడీ సెంటరు ఈ నెలంతా పలచగా ఉంది. ఇప్పపూల కాలం కదా, తెల్లారేసరికి పిల్లలు తల్లుల వెంట అడవికి పోతారు.

మమ్మల్ని పూనా వచ్చి నీ దగ్గర ఉండమన్నావు. నీ మనసు నాకు తెలుసు. కానీ అత్తమ్మ ఈ ఊరు వదలదు, ఆమెను వదిలి నేను రాలేను.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతులు. పోయిన ఏడు ఉగాదికి వచ్చినప్పుడు ఖమ్మం కాలేజీలో నీ పరిశోధన గురించి మాట్లాడావు కదా, అప్పుడు నీతో మాట్లాడి రాసుకున్న విలేకరి వార్త వేశాడా, కాపీ పంపుతానని పంపలేదే అని అడిగావు. నిరుడు వానలు అంత బాగా పడ్డా అన్నయ్య ఎందుకు ఎవుసం వదిలి మణుగూరు వైపు బొగ్గు లారీల లోడింగుకు పోయాడని కూడా అడిగావు. ఆ రెండూ నీకు వేరు వేరు ప్రశ్నలు. వాటికి జవాబు ఒక్కటే ప్రమీలా. ఇన్నాళ్ళూ దాచిందీ అదే.

వార్త వేశారు. నువ్వు పూనా వెళ్ళిపోయాక మే నెలలో వేశారు. మొదటి పేజీలో, నీ ఫోటోతో. పైన పెద్ద పెద్ద అక్షరాలతో "ఇక వానలు రావు!" అని, దాని కింద "ఖమ్మం ఆడబిడ్డ పరిశోధనలో తేలిన నిజం" అని.

బస్ స్టేజీ దగ్గర హోటలు అతను మీ అన్నను కేకేసి పిలిచి చూపించాడట. అప్పటికే లోపలి కాగితాలు మిరపకాయ బజ్జీల పొట్లాలకు పోయాయి. మిగిలిన పై కాగితాన్ని మీ అన్న అడిగి తెచ్చుకున్నాడు. వాకిట్లోకి వస్తూనే, "అవ్వా, చూడే, చెల్లె పేరు!" అని అరిచాడు. నిన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని హైస్కూలుకు తిప్పిన మనిషి. నీ ఫోటో మీద వేలు పెట్టకుండా, పక్కనే గాలిలో వేలు ఆడిస్తూ, అప్పటికి చూపు సరిగా ఆనని అత్తమ్మకు చూపించాడు. అన్నం మెతుకులతో తలుపుకు అంటించాడు.

ఆ సంతోషం దిగాక గాని అందులో ఉన్న మాట ఆయన మనసుకు ఎక్కలేదు. అంతకు ముందు ఏడు కరువు నీకు తెలుసు. బావి అడుగు కనబడింది, మిరప చేను నిలువునా ఎండింది. ఎండకు మాడిన మొక్కలు పీకి కుప్పేసిన చేతులవి. ఇక వానలు రావని సొంత చెల్లెలే చెబితే ఆ మనిషి నమ్మడా?

"ఒక ఉత్తరం రాసి అడుగుదాం" అన్నాను.

"పేపర్ల పడ్డంక ఇంక అడిగేదేంది? ఉత్తరం పోయి జవాబొచ్చేసరికి అదును దాటిపోతది" అన్నాడు.

"ఊళ్ళో అందరూ విత్తనాలు కొంటున్నరు గదా?"

"వాళ్ళకు చెల్లె లేదు గదనే. నా చెల్లె మాట నేనే నమ్మకుంటే ఊరు నమ్ముతదా?"

ఎద్దులను సంతకు తోలాడు. తిరిగి వచ్చి మెడపట్టెల గంటలు మేకుకు తగిలించి, ఆ పూట అన్నం ముట్టలేదు. చేను మూడేళ్ళకు కౌలుకు ఇస్తానన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు గాని తండా నుంచి లాల్‌సింగ్ వచ్చాడు. అతను ఆ రోజు ఎంతగానో చెప్పి చూశాడు.

"బొజ్జన్నా, వాన సంగతి పేపరోళ్ళకేం ఎరుక? ఈ ఒక్క ఏడు చూడు. నీ ఎద్దులు నేను తిరిగి అడిగి తెస్త."

"పేపరోళ్ళు కాదు లాల్‌సింగ్, నా చెల్లె చెప్పింది. నువ్వు గూడ విత్తనాల మీద ఎక్కువ పెట్టకు" అని అతనికే జాగ్రత్త చెప్పి, చేను కౌలుకు ఇచ్చాడు మీ అన్న.

జూన్ మొదట్లో మణుగూరు పోయాడు. నువ్వు బాధపడతావని, కరువు దెబ్బకు పోయాడని నీకు రాయించాడు నాచేత. అడవి అంచున కూలీల గుడిసెల్లో ఉండేవాడు. ఆయన వెళ్ళిన వారం తిరగకుండా వాన మొదలైంది. అది ఎట్లాంటి వానో నువ్వు పూనాలో లెక్కల్లో చూసి ఉంటావు. మేం కళ్ళతో చూశాం. చెరువులు అలుగు పోశాయి. మన చేన్లో లాల్‌సింగ్ వేసిన పత్తి మోకాలు దాటి, నడుము దాటి పెరిగింది.

జులైలో మీ అన్న ఒకసారి ఇంటికి వచ్చాడు. నేరుగా ఇంట్లోకి రాకుండా చేను గట్టు మీద నిలబడ్డాడని సమ్మక్క వచ్చి చెబితే నేను పోయాను. తడుస్తూ నిలబడి ఉన్నాడు. దారిన పోయే వాళ్ళు నవ్వుతూ, "ఏం బొజ్జయ్యా, మీ చెల్లె రావన్న వానేనా ఇది?" అన్నారు. కడుపులో ఏమీ పెట్టుకోకుండా అన్న మాటే అది, పల్లెటూరి ఎకసెక్కం. మీ అన్న మొహం మాత్రం మాడిపోయింది.

"నా చెల్లె తప్పు జెప్పదు. వాననే ఎట్లనో పడ్డది" అన్నాడు.

వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. ఇంటికి వచ్చాక తలుపు మీది కాగితం వైపు ఆయన చూడలేదు. చింపనూ లేదు. "పని వదిలేసి రారాదూ" అన్నాను. "వచ్చి ఏ చేను దున్నాలె?" అని మర్నాడే మళ్ళీ బస్సెక్కాడు.

తర్వాతది నీకు తెలుసు. జ్వరం. మెదడుకు ఎక్కిన మలేరియా అన్నారు. తోటి కూలీలు గోదావరి దాటించి భద్రాచలం దవాఖానాలో చేర్పించారు. నేను పోయేసరికి ఒకప్పుడు తెలివి, ఒకప్పుడు పలవరింత. బయట ధారగా వాన. ఒక పొద్దున కళ్ళు తెరిచి, కిటికీ వైపు చూసి, నన్ను గుర్తుపట్టాడు.

"భద్రమ్మా, పడుతున్నదా?"

"అవ్, పడుతున్నది."

"మంచిగైంది. చెల్లె లెక్క తప్పింది గని, మంచికే తప్పింది. ఊరు బతికింది." కాసేపు ఊపిరి తీసుకుని, "దానికి చెప్పకు. నా కోసమని చదువు మీద మనసు విరుచుకుంటది. అందరికీ తప్పులు పోతయి. అది చిన్నపిల్ల" అన్నాడు.

అదే నాతో తెలివిగా అన్న ఆఖరి మాట. నీకు టెలిగ్రాం ఇప్పించాక, నువ్వు వచ్చేలోపు తలుపు మీది కాగితం నీళ్ళతో తడిపి తీసేశాను. నువ్వున్నన్ని రోజులూ ఎవరూ ఆ ఊసు ఎత్తొద్దని ఊళ్ళో అందరినీ బతిమాలుకున్నాను. నవ్విన వాళ్ళు కూడా నోరు కట్టుకున్నారు.

ప్రమీలా, అప్పటిదాకా నేను కూడా నువ్వే ఆ మాట చెప్పావనుకున్నాను. నీ మీద కోపం లేదు గాని, లోపల ఒక ముల్లు మాత్రం ఉండేది. దినాలు అయిన మర్నాడు మన అరుగు మీద లాల్‌సింగ్ నిన్ను అడిగాడు, గుర్తుందా? "ప్రమీలక్కా, వచ్చే ఏడు వానలెట్లుంటయి?" అని. నేను లోపల బియ్యం కడుగుతున్నాను.

నువ్వన్నావు: "అది నా చదువుతో తెలియదు లాల్‌సింగన్నా. ఒక్క ఏడు వాన గురించి నేను చెప్పలేను. ఎక్కువ పడొచ్చు, తక్కువ పడొచ్చు. ఈ పొగలతో గాలి ఇట్లాగే వేడెక్కుతూ పోతే, మన సమ్మక్కకు మనవలు పుట్టే కాలానికి వాన పడే తీరు మారొచ్చు. పడితే ఒక్కసారే కుమ్మరించడం, లేకుంటే నడుమ ఎక్కువ రోజులు ఎండగట్టడం. అదైనా మారొచ్చు అంటున్నాం అంతే. ఖమ్మంలో కూడా ఇదే చెప్పా."

లాల్‌సింగ్ తల వంచుకుని లేచి పోయాడు. సమ్మక్క నా వైపు చూసింది. మాట్లాడొద్దని కళ్ళతోనే చెప్పాను. నువ్వు లోపలికి వచ్చి, "ఏంది వదినా, వొణుకుతున్నవ్?" అని నా నుదురు పట్టి చూశావు. జ్వరమేమోనని భయపడ్డావు.

నీ మాట విన్నాక ఉండబట్టలేక సంక్రాంతి దాటాక ఖమ్మం పోయి, ఆ పత్రిక ఆఫీసు వెతుక్కుని లోపలికి పోయాను. బల్ల వెనుక కూర్చున్నాయన మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు, పాత పేపర్ల కట్ట తెప్పించాడు. మొదటి పేజీ వార్త చివర "మిగతా అయిదో పేజీలో" అని ఉంది. అయిదో పేజీలో నువ్వు అరుగు మీద చెప్పిన మాటలే అచ్చంగా ఉన్నాయి. "ఒక్క ఏడు వాన గురించి ఈ పరిశోధన ఏమీ చెప్పదు" అని కూడా ఉంది. బజ్జీల పొట్లాలకు పోయిన కాగితంలో.

"లోపల సరిగానే రాసి, పైన ఇట్లా ఎందుకు పెట్టారయ్యా?" అని అడిగాను.

"వార్త రాసేది ఒకరు, హెడ్డింగు పెట్టేది ఇంకొకరు అమ్మా. కరువు ఏడు కదా, జనం దాని మీదే ఉన్నారు. పైన గట్టిగా లేకపోతే పేపరు ఎవరు పట్టుకుంటారు? అయినా లోపల అంతా వివరంగా వేశాం" అన్నాడు. నా మొహం చూసి ఏమనిపించిందో, గొంతు తగ్గించి, "దీనివల్ల ఎవరికైనా నష్టం జరిగిందా అమ్మా?" అని అడిగాడు.

చెప్పాలనే పోయాను. కానీ ఆ టీ గ్లాసులు, ఆ ఫోను మోతలు, వచ్చిపోయే మనుషులు. మీ అన్న పేరు ఆ బల్ల మీద పెట్టడానికి నాకు నోరు రాలేదు. పెడితే ఆయన్ను కూడా ఒక హెడ్డింగు చేస్తారేమోనని భయం వేసింది. "ఏం లేదు బాబూ" అని లేచి వచ్చేశాను. బస్ స్టాండులో కూర్చుని ఏడ్చాను.

లాల్‌సింగ్ పత్తి అమ్మినాక ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడి, "వదినా, చేను నాకొద్దు. కౌలు రద్దు చేసుకుందాం. ఈ తొలకరికి దున్ని మీకే ఒప్పజెప్తా" అన్నాడు. లోపలికి రమ్మంటే, "అన్న లేని ఇంట్లకు ఆయన చేను పంట తిన్నోణ్ణి ఎట్ల రావాలె?" అన్నాడు. అతని తప్పు ఏముంది? అత్తమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. ఇక చేను అతనూ నేనూ కలిసి చేస్తాం.

పత్రికవాళ్ళు మళ్ళీ నిన్ను మాట్లాడమంటున్నారని, ఒప్పుకోనా మాననా అని రాశావు కదా. అందుకే ఇదంతా రాశాను, లేకపోతే మీ అన్నకు ఇచ్చిన మాట మీదే ఉండేదాన్ని. నువ్వు మాట్లాడాలి. నువ్వు మానేస్తే నీ బదులు వాళ్ళే ఏదో ఒకటి రాసుకుంటారు. కానీ పైన ఏం పెడుతున్నారో ముందు నీకు చదివి వినిపించమని అడుగు. కుదరదంటే కూడా అడుగు. మన ఇంటి తలుపు లాంటి తలుపులు ఇంకా ఎన్నో ఉంటాయి.

ఇది చదివి నువ్వు మీ అన్న చావును నీ నెత్తిన వేసుకుంటావని నాకు తెలుసు. వేసుకోకు. నువ్వు నిజమే చెప్పావు. ఆయన నిన్నే నమ్మాడు. ఆ రెంటి నడుమకు వచ్చిన మాట నీదీ కాదు, ఆయనదీ కాదు.

ఆయన పోయిన బాధ ఎట్లాగో మోస్తున్నాను. మోయలేనిది ఒకటి ఉంది. చెయ్యని తప్పుకు నిన్ను క్షమించి పోయాడు ప్రమీలా. నా చెల్లె తప్పింది అనుకుంటూనే కళ్ళు మూశాడు. నువ్వు తప్పలేదని ఆయన చెవిలో చెప్పే వాళ్ళు ఆ రోజు అక్కడ ఎవరూ లేరు. పక్కనున్న నాకే తెలియదు.

ఎండాకాలం సెలవు దొరికితే ఒకసారి రా. అత్తమ్మకు ఇది ఇంకా చెప్పలేదు. నేను చెబితే కోడలు సర్దిచెబుతోంది అనుకుంటుంది. నువ్వు పక్కన కూర్చుని చెబితే, తన కొడుకు నమ్మింది తప్పు మనిషిని కాదని నమ్ముతుంది.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
మీ వదిన
భద్రమ్మ