కిటికీలో మందారం

సుబేదారి,
14-8-1962

అక్కా,

పొద్దున లేచేసరికి నువ్విచ్చిన మందారం మూడో మొగ్గ కూడా నేల మీద రాలి ఉంది. ఇక మిగిలింది ఒక్కటే.

తప్పు నాదే. కాలేజీ నుంచి వచ్చాక ఈ గదిలో మాట్లాడేందుకు ఎవరూ ఉండరు. అందుకే కిటికీలోని కుండీ ముందు కూర్చుని, ఆ రోజు నేర్చుకున్న కొత్త ఇంగ్లీషు మాటలన్నీ దానికి చదివి వినిపిస్తాను. వినిపించినప్పుడల్లా గ్లాసెడు నీళ్లు పోస్తాను.

ఇవాళ ఇంటామె సువార్తమ్మ మట్టిలో వేలు పెట్టి చూసి నవ్వింది.

"బిడ్డా, చెట్టుకు అంత నీళ్ల దూప ఎక్కడిది? ముచ్చట పెట్ట మనిషి లేక దీన్ని ముంచుతానవ్. జర ఎండల పెట్టు. నువ్వు గూడ బయటికి రా, చాయ్ తాగు."

సిగ్గేసి, చదువుకోవాలని చెప్పి తలుపు వేసుకున్నాను. అప్పటి నుంచి కుండీలో ఒక్క చుక్క పోయలేదు, ఒక్క మాటా చదవలేదు.

రేపు పొద్దున్నే దాన్ని ఆమె అరుగు మీదికి చేర్చి, చాయ్ నేనే అడుగుతాను.

నీ తమ్ముడు