పదిహేడో పేజీ బ్యాకప్

ఆగస్టు 4, సోమవారం

ఇవాళ్టి నుంచి ప్రతి సాయంత్రం ఆరు గంటలకు బ్యాకప్. తప్పేది లేదు!

కారణం: నిన్నటి గాలివానకి కరెంటు పోయి కంప్యూటరు రెండుసార్లు ఆరిపోయింది. అందులో మా చర్చి నూరేళ్ళ చరిత్ర ఉంది. నలభై కుటుంబాలు, కుటుంబానికో పేజీ. హిందీ టీచరుగా రిటైరయ్యాక పదకొండు నెలలు కూర్చుని టైపు చేశాను. 21న ప్రెస్సుకి ఇవ్వాలి. 24న ఆవిష్కరణ.

ముత్తుకూరు సెంటర్లో కంప్యూటర్లు బాగుచేసే తహీర్‌ని అడిగాను. "మూడు కాపీలుండాల టీచరమ్మా, మూడూ మూడు చోట్ల" అన్నాడు. మూడు పెన్ డ్రైవులు కొన్నాను. నోవహు ఓడలోకి జతలే ఎక్కించాడు, నేను మూడేసి.

సా. 6:00. కంప్యూటరు తెర మీద 'చరిత్ర' అని ఉన్న బొమ్మను పట్టుకుని పెన్ డ్రైవులోకి లాగాను. ఒక్క సెకను! మా పాస్టరు గారు 'ఆమేన్' అనడానికే ఇంతకంటే ఎక్కువ పడుతుంది.

ఆగస్టు 5, మంగళవారం

దాచిన చోట్లు:
ఒకటి, నా మెడలో, సిలువ గొలుసుకి.
రెండు, బియ్యం డబ్బాలో.
మూడు, కృష్ణపట్నం పోర్టులో పనిచేసే మా ఆయన కృపాదానం గారి టిఫిన్ క్యారియర్లో, పై గిన్నెలో. సునామీ వచ్చి ఇల్లు పోయినా అది మిగులుతుంది.

"సునామీ వస్తే ముందు పోయేది పోర్టే గదా ఆనందా" అన్నాడాయన. ఈయనకి ఏ మంచి పనిలోనూ ఉత్సాహం ఉండదు.

ఆగస్టు 10, ఆదివారం

వరసగా ఏడో రోజు! ఆరాధనలో లేచి నిలబడి బ్యాకప్ గురించి సాక్ష్యం చెప్పాను. ఇద్దరు ఏడ్చారు. ఎందుకో అడగలేదు.

బయట ముసలమ్మ అవ్వ చెయ్యి పట్టుకుంది. తొంభై ఒక్క ఏళ్ళు. పదిహేడో పేజీ ఆమెది. వాళ్ళమ్మ ఆదిశేషమ్మ, చర్చి గోడల సున్నం కోసం ఏటి నుంచి గుల్లలు మోసింది. శంకుస్థాపన రాయి మీద పదకొండు మంది మగవాళ్ళ పేర్లున్నాయి, ఆమె పేరు లేదు. నూరేళ్ళకి ఈ పుస్తకంలో ఎక్కబోతోంది.

"మా యమ్మ పేరు సరిగ్గా రాసినావా పాపా? తప్పు రాస్తే ఊరుకోను" అంది అవ్వ. నా వయసు యాభై తొమ్మిది.

ఆగస్టు 11, సోమవారం

ఎవరి పేజీ వాళ్ళు దిద్ది ఇవ్వమని ప్రింట్లు తీసి ఇంటింటికీ పంచాను. ముప్పై తొమ్మిది ఇళ్ళు. అవ్వకి చదువు రాదు కాబట్టి ఇవ్వలేదు. తిరిగి తిరిగి నా కాళ్ళు లాగేశాయి. బ్యాకప్ రేపు.

ఆగస్టు 13, బుధవారం

నిన్న, ఇవాళ బ్యాకప్ లేదు. నా తప్పు కాదు. మూడో పెన్ డ్రైవు చేపల పులుసులో పడింది. కడిగి గోడ మీద ఎండబెడితే పిల్లి ఎత్తుకుపోయింది.

ఆగస్టు 15, శుక్రవారం

దేశానికే సెలవు. నాకు ఉండదా?

ఆగస్టు 16, శనివారం

6:00కి కునుకు పట్టింది. 7:30కి లేచి ఫైలు భద్రంగా ఉండాలని ప్రార్థన చేశాను. ఒక రకంగా అదీ బ్యాకప్పే.

ఆగస్టు 18, సోమవారం

దారిలో తహీర్ కనిపించి, "తీసింది తిరిగొస్తాదో లేదో ఎప్పుడన్నా చూసుకున్నారా?" అన్నాడు. నిజమే కదా!

ఉ. 11:00. పరీక్ష. తిరిగి రావాలంటే ముందు పోవాలి. అబ్రాహాము ఇస్సాకును తీసుకుని కొండెక్కినట్టు గుండె రాయి చేసుకుని, కంప్యూటరంతా వెతికి 'చరిత్ర' అని కనిపించినవన్నీ చెరిపేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. పరీక్షన్నాక నిజాయితీ ఉండాలి.

11:05. మెడలోది పెట్టాను. ఫైలు లేదని చెబుతోంది.

11:10. బియ్యం డబ్బాలోది. అదే మాట.

11:12. పిల్లి కోసం వెతికాను.

మ. 2:00. తహీర్ వచ్చి చూశాడు. "ఇది ఫైలు కాదు టీచరమ్మా. ఫైలు యాడుందో చూపించే బాణం గుర్తు. ఊరి బోర్డు పీక్కొచ్చుకున్నారు, ఊరు తేలేదు."

రెండు గంటలు తవ్వితే చెరిగిపోయిన వాటిలో దొరికినవి: ఎనిమిదో తరగతి హిందీ ప్రశ్నపత్రం, మూడు కాపీలు. అదొక్కటే పద్ధతిగా బ్యాకప్ తీసినట్టున్నాను.

పదకొండు నెలలు. నేలమీద కూలబడి ఏడ్చాను. సాయంత్రం మా ఆయన వచ్చి కాఫీ పెట్టి ఇచ్చాడు.

ఆగస్టు 19, మంగళవారం

ఇళ్ళలో ప్రింట్లున్నాయి! ఆయన సెలవు పెట్టి బండి మీద తిప్పాడు. సగం మంది ఫ్రేము కట్టించేశారు. అందరూ దిద్దుకున్నారు కూడా. హెబ్రోను గారి తాత ఇచ్చిన బండెడు ఇటుకలు పది బండ్లయ్యాయి. మూడు ఇళ్ళలో ముగ్గురు తాతలు ఒకే గంటని ఒకే ఉదయం మొట్టమొదట మోగించారు. నా దగ్గర అసలు ప్రతి లేదు, ఏమని వాదించను? ముగ్గురినీ ఎక్కించాను.

ముప్పై తొమ్మిది పేజీలు దొరికాయి. పదిహేడోది లేదు.

ఆగస్టు 20, బుధవారం

అవ్వకి నిజం చెప్పాను.

"పోగొట్టినావా? మంచిదేలే. ఆ పొద్దు నేను సెప్తావుంటే సగంలోనే సాలు సాలన్నావు. కూసో."

అప్పుడు నేను 'ఎన్నో గంపలు మోసింది' అని ఒక్క వాక్యంలో తేల్చేశాను. ఇవాళ మొత్తం విన్నాను. యాభై రెండు రోజులు, ఏ రోజు ఎన్ని గంపలో, వరసగా, ఎక్కడా ఆగకుండా.

"ఇదంతా ఎట్లా గుర్తుంది అవ్వా?"

"మా యమ్మ పోయేముందు నా సేత అప్పజెప్పించుకునింది. అప్పట్నించి దినామూ పొద్దున్నే సెప్పుకుంటా. యాభై ఆరేళ్ళు."

"ఒక్క రోజు కూడా తప్పలేదా?"

"తప్పితే ఎట్టా? నాకు బిడ్డల్లేరు. నేను మరిస్తే ఆ గంపలు ఎవురూ మొయ్యనట్టే గదా."

నేను ఏడు రోజులు చేశాను. అదీ బాణాన్ని. సిగ్గేసింది.

ఆగస్టు 24, ఆదివారం

పుస్తకం వచ్చింది! పదిహేడో పేజీ నిండా గంపలే. వాళ్ళమ్మ పేరు ఎక్కడుందో అడిగి, అవ్వ దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. తరవాత పుస్తకం మూసేసింది.

"ఇప్పుడు సూడకుండా నువ్వు సెప్పు."

అందరి ముందు నాలుగో రోజుకే తప్పాను. "ఐదు గంపలే. ఆ పొద్దు గంప అడుగు తెగింది. రేపు రా" అంది.

ఆగస్టు 25, సోమవారం

ఇవాళ్టి నుంచి ప్రతి సాయంత్రం బ్యాకప్. ఈసారి తప్పేది లేదు!

5:30. అసలు ఫైలే పెట్టాను. తెరిచి చూశాను. ఉంది.

6:00. అవ్వ వాకిట్లో. మొదటి రోజు ఆరు గంపలు. రెండో రోజు ఆరు. మూడో రోజు జ్వరం, సున్నా. నాలుగో రోజు ఐదు. పద్దెనిమిది దాకా ఒక్కటీ తప్పలేదు.

అవ్వ మొహం వెలిగిపోయింది. "ఇయ్యన్నీ నీకొచ్చేస్తే నాకింక పనేముంది పాపా, నిమ్మళంగా పోతా" అంది.

పందొమ్మిదో రోజు నాలుగు. నాకు బాగా తెలుసు. ఆరు అన్నాను.

"మొదట్నించీ సెప్పు" అంది అవ్వ.