నలభై తప్పుల్లో ఒక్కటి

చిక్కడపల్లి ప్రజలకు తెలియజేయడమేమనగా, నా జిరాక్స్ మెషీన్ మీద చాయ్ గ్లాసు పెట్టరాదు. పెట్టేవాడివి నువ్వొక్కడివే రమేశా, పోయి ఏడాదయింది, అయినా నియమం నియమమే.

నువ్వు సగంలో వదిలేసిన ప్రోగ్రాంను నీ బిడ్డ శ్రావణి పూర్తిచేస్తానంది. దాన్ని మెషీన్ భాషలోకి మార్చాల్సిన కంపైలర్ నలభై తప్పులు చూపింది. నిన్న షాపుకొచ్చి, "డిలీట్ చేస్తున్న మామా" అని ఏడ్చింది.

"జర ఆగవే! ఒక్కటే తప్పుందని మీ నాయన చెప్పిండు."

ఇవాళ ప్రోగ్రాంలో పైన ఎక్కడో మూయని బ్రాకెట్ దానికి దొరికింది. దానివల్లే కంపైలర్‌కు కింద రాసినవన్నీ తప్పుగా కనిపించాయట. మూయగానే ప్రోగ్రాం నడిచింది. నా ప్రాణం కుదుటపడింది.

"నాయనకు అంతా యాదికుండె మామా!" అని మురిసిపోయింది.

ఒక్కటే తప్పుందన్న మాట నువ్వెప్పుడూ అనలేదు, నేనే అల్లాను. దానికి చెప్పకు.