వీపు మీది మసి

గోదావరిఖని

రమక్కా,

ఫోన్ చేద్దామంటే బావ పక్కనే ఉంటాడు. అందుకే రాస్తున్నాను, ఇప్పటికే ఒకటి రాసి చింపేశాను.

“మా తమ్ముని బనీన్ల వెనకంత మసేంది, తానం చేస్తలేడా?” అని అడిగావు. చేస్తున్నాడక్కా. బొగ్గుబాయిలోంచి పైకొచ్చాక ఎవరి వీపు వాళ్ల చేతికి అందదు. ఒకరిది ఒకరం రుద్దుకుంటాం. తనకు ఆడవాళ్ల మీద కాదు, మగవాళ్ల మీదే మనసు పోతుందని వీరేందర్ మీకు చెప్పినట్టే మాకూ చెప్పాడు. ఆ రోజు నుంచి వాడి వీపు ఎవరూ ముట్టడం లేదు.

నిన్న నేనే సబ్బు తీసుకుని వెళ్లి రుద్దాను. “నీది గూడ గదే దారా?” అన్నాడు మాతో పనిచేసే సదయ్య కాక. అందరూ నవ్వారు. నా వంతు వచ్చేసరికి వీరేందరే వెనక్కి జరిగాడు.

“వద్దురా, నిన్ను గూడ వెలేస్తరు.”

వాడు రుద్దేదాకా నేను కదల్లేదు.

ఇవాళ షిఫ్టులో నాతో ఎవరూ మాట్లాడలేదు. ఈ మాట మా ఇంటిదాకా ఎప్పుడొస్తుందో అని ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. అయినా రేపూ రుద్దుతాను.

మీ ఇంట్లో వాడి కంచం విడిగా పెడుతున్నారని మొన్న వాడి మాటల్లో బయటపడింది. ఇకమీద బనీన్లకు మసి ఉండదక్కా. కంచం సంగతి నువ్వు చూడు.

నీ తమ్ముని దోస్తు