దర్జీగారి సన్మానం

శాసనసభ్యుని నివేదిక

నియోజకవర్గంలోని పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు నమస్కారాలు.

ఈ విడత సభా సమావేశాలు ముగిశాయి. నన్ను ఏ పని మీద పంపారో అది ఎంతవరకు అయిందో చెప్పుకోవడం నా బాధ్యత. నేను పాతకాలపు మనిషిని, మాది పాతకాలపు పక్షం. ఆ సంగతి దాచుకోను.

సభలో పదకొండుసార్లు లేచాను. ఏడుసార్లు మాట్లాడనిచ్చారు. ప్రభుత్వ కార్యాలయాలకు ఏటా రంగు మార్చాలన్న ప్రతిపాదనను అడ్డుకున్నాను. ఉన్న రంగుకు ఏమొచ్చింది? మార్కెట్టు వెనక పాత రాతి మెట్లను పడగొట్టకుండా ఆపించాను. అనవసర సంస్థల రద్దు చట్టానికి అనుకూలంగా ఓటు వేశాను. దీని ప్రకారం ఇరవై అయిదుమంది కంటే తక్కువ విద్యార్థులున్న వయోజనుల సాయంకాలపు బడులను ఈ నెలాఖరుతో మూసివేస్తారు.

మీ అభిప్రాయాలు రాయండి.

ఇట్లు,
మీ శాసనసభ్యుడు

తా.క. ప్రతి ఉత్తరానికీ జవాబిస్తాను. తిట్లకు కొంచెం ఆలస్యమవుతుంది, అవి ఎక్కువ వస్తాయి.

*

సభ్యులవారికి, చెప్పుల దుకాణానికీ మందుల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న దర్జీ వంగి నమస్కరించి రాసేది (వంగడం మా వృత్తి, మీరు ప్రత్యేకంగా అనుకోవద్దు).

మీ నివేదిక అందింది. కాగితం దళసరిగా ఉంది, కాలరు లోపల పెట్టడానికి పనికొస్తుంది. అయినా ముందు చదివాను. సాయంకాలపు బడులు మూయించారే, మీ మేలు మరిచిపోలేను.

మా ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. రెండేళ్ళుగా ఆ బడికి పోతోంది. ఇంకో మూడు నెలల్లో ఏడో తరగతి పరీక్ష రాస్తుందట. ప్యాసైతే దుప్పట్ల రిజిస్టరు రాసే కుర్చీ పని ఇస్తారట. ఇరవై ఏళ్ళు వేడినీళ్ళలో చేతులు నానబెట్టిన మనిషి ఉన్నట్టుండి కుర్చీలో కూర్చుంటే నడుం పట్టేయదూ? సమయానికి ఆదుకున్నారు.

నన్ను కూడా కాపాడారు. పూర్వం ఇంట్లో పేపరు నేనే చదివి వినిపించేవాణ్ణి. "కొత్త బట్టలు కొంటే ఒంటికి దురదట, పెద్ద డాక్టరు రాశాడు" అని చదివితే నమ్మేది. ఇప్పుడు "ఏదీ, ఎక్కడ రాశారో వేలు పెట్టి చూపించు" అంటోంది. సంసారాలు ఇలాగే కూలిపోతాయి.

వాళ్ళ బడిలో ఇరవై నలుగురున్నారు. ఒక్కరు తక్కువ. ఊరంతా వెతికారు, దొరకలేదు. నన్ను చేరమని పోరు పెట్టింది. ఆరో తరగతి మధ్యలో గోడ దూకి పారిపోయినవాణ్ణి, నలభై ఎనిమిదేళ్ళకు గుమ్మంలోంచి ఎలా వెళ్ళను చెప్పండి? కాబట్టి మూసెయ్యండి. వీలైతే ఆసుపత్రి కూడా మూసెయ్యండి, అప్పుడు ఉతకాల్సిన దుప్పట్లే ఉండవు.

ఇట్లు,
మీ మేలు మరవని దర్జీ

తా.క. నడుం కొలత పంపితే మీకో కోటు కుడతాను. జేబులు పెట్టను. చేతులు ఖాళీగా ఉంటేగానీ ఓటెయ్యడానికి ఎత్తలేరు కదా.

*

ప్రియమైన దర్జీగారికి,

మీ ఉత్తరం చదివి నా కళ్ళు చెమర్చాయి. నూట పన్నెండు తిట్ల మధ్య ఒకే ఒక్క మెచ్చుకోలు! భార్య చదువుతున్న బడినే మూయమని కోరిన త్యాగబుద్ధి ఈ రోజుల్లో ఎక్కడుంది? మీ ఉత్తరాన్ని "ఆదర్శ పౌరుడు" అన్న శీర్షికతో అచ్చువేసి ఇంటింటికీ పంపించాను. మీ దుకాణం ఎక్కడుందో గుర్తులు కూడా వేయించాను, జనం వచ్చి అభినందిస్తారని.

ఇట్లు,
మీ శాసనసభ్యుడు

తా.క. అనుమతి ముందే అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను.

*

సభ్యులవారికి దర్జీ రాసేది.

జనం వచ్చారండీ. బాగా అభినందించారు.

ముందు ఆ బడివాళ్ళు ఇరవై ముగ్గురూ వరసగా దిగారు. కూరగాయలామె కుట్టడానికిచ్చిన రవిక గుడ్డ లాక్కుపోయింది. లిఫ్టు నడిపే అతను దుకాణం ముందు నిలబడి దారినపోయేవాళ్ళందరికీ మీ కాగితం చదివి వినిపించాడు. ఆ చదువు అతనికి ఆ బడిలోనే వచ్చింది. బ్యాంకు కాపలాదారుడి ప్యాంటు సగం కుట్టి ఉంది. "రెండు రోజులాగు బావా, రెండో కాలు కూడా కుట్టి ఇస్తా" అన్నాను. "అక్కర్లేదు. రెండో కాలు అనవసర సంస్థ, రద్దు చేసెయ్!" అని ఒంటికాలి ప్యాంటు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక ఇల్లు. మా ఆవిడ మీ కాగితం మొత్తం తనే చదివింది, ఒక్క మాట కూడా వదల్లేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. రెండేళ్ళ క్రితమైతే కోపమొస్తే గిన్నెలు మోగేవి. ఇప్పుడు చీటీలు. "అన్నం మూత కింద ఉంది." "సబ్బు అయిపోయింది." "ఆదర్శ పౌరుడు తన కంచం తనే కడుక్కోవాలి." తొమ్మిది రోజుల్లో ముప్ఫై చీటీలు. చేతిరాత మాత్రం బాగుంది, కాదనను.

అయ్యా, విడమరిచి చెబుతున్నాను. నేను మిమ్మల్ని పొగడలేదు. వెక్కిరించాను. నా ఉత్తరంలో ప్రతి మాటా తిరగేసి చదువుకోండి. దుప్పట్లు ఉతికీ ఉతికీ ఆవిడ వేళ్ళు పగిలిపోయాయి. ఆ బడి ఉండాలి. ఆవిడ పరీక్ష రాయాలి. ఆ సంగతి కూడా ఇంటింటికీ అచ్చువేసి పంపండి.

ఇట్లు,
కంచం కడుక్కుంటున్న దర్జీ

తా.క. కోటు మాట వెనక్కి తీసుకున్నాను.

*

ప్రియమైన దర్జీగారికి,

పొగిడి కూడా పొగడలేదనడం! ఇంత వినయం నేను మా పక్షంలో కూడా చూడలేదు. మీలాంటివారిని నలుగురికీ చూపించాలి. వచ్చే బుధవారం సాయంత్రం అయిదింటికి మీకు సన్మానం. హాలు దొరకలేదు కాబట్టి ఆ సాయంకాలపు బడి గదిలోనే ఏర్పాటు చేయించాను. ఎలాగూ ఖాళీ కాబోతోంది కదా. మీరు గుమ్మంలోంచే రావాలి, గోడ దూకవద్దు.

ఇట్లు,
మీ శాసనసభ్యుడు

తా.క. ఏమైనా చెప్పాలనుంటే అక్కడ అందరి ముందూ చెప్పండి. నేను ముందు వరసలో కూర్చుంటాను.

*

సభ్యులవారికి దర్జీ రాసేది.

నిన్నటి సన్మానం సంగతి నాకింకా అర్థం కాలేదు. అందుకే రాస్తున్నాను.

నేను వచ్చింది సన్మానానికి కాదు, మిమ్మల్ని నలుగురిలో కడిగేద్దామని. దారి పొడవునా హాస్యాలు ఒకటొకటే నూరుకుంటూ వచ్చాను. బల్ల ముందు నిలబడేసరికి ఒక్కటీ నోటికి రాలేదు. ఎదురుగా రెండో వరసలో మా ఆవిడ, ఒళ్ళో పుస్తకం. అప్పుడు నా నోట్లోంచి ఏమొచ్చిందో మీరూ విన్నారు. ఆవిడ రోజూ లోపల పాఠం చదువుకుంటుంటే నేను మిషను ఆపి వింటానని, ఆ సంగతి ఆవిడకు తెలియదని, ఈ బడి మూసేస్తే మా ఇంట్లో ఆ చప్పుడు ఆగిపోతుందని. ఛీ, అంత సూటిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఒళ్ళంతా చెమట పట్టింది.

చివర్లో మిమ్మల్ని తిట్టాను కూడా. "చేతులెత్తడం తప్ప చదవడం రాని మనిషి" అన్నాను. మీరేమో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు! ఆ తర్వాత పంతులమ్మగారు లావుపాటి పుస్తకం తెచ్చి "సన్మాన పుస్తకమండీ, ఇక్కడ సంతకం" అన్నారు. ఆ చప్పట్లలో మొహమాటానికి గీకేశాను. అంతే, గదంతా లేచి ఈలలు! కాపలాదారు నన్ను ఎత్తుకున్నాడు. పదహారు రోజుల తర్వాత మా ఆవిడ నోరు విప్పి, "పద, ఇంటికి పోదాం" అంది. కంచం కూడా తనే కడిగింది.

తిడితే చప్పట్లేమిటి? సంతకానికి ఈలలేమిటి? జవాబు వెంటనే రాయండి.

ఇట్లు,
అయోమయంలో ఉన్న దర్జీ

తా.క. ఆ పుస్తకంలో నా సంతకం పైన గళ్ళలో ఇంకా ఇరవై నాలుగు సంతకాలున్నాయి. ఆ గదిలో అంతమందికి సన్మానాలెప్పుడు జరిగాయి?

*

ప్రియమైన దర్జీగారికి,

ఇరవై రెండేళ్ళుగా సభలో ఉన్నాను. వెటకారం వినడమే నా ఉద్యోగం. మీ మొదటి ఉత్తరం మొదటి వాక్యానికే నాకు అంతా అర్థమైంది.

అంతకు నాలుగు రోజుల ముందే నాకు ఇంకో ఉత్తరం వచ్చింది. గుండ్రటి అక్షరాలు, గీతల కాగితం. "మా బడికి ఒక్కరు తక్కువ. ఆ ఒక్కరూ మా ఇంట్లోనే ఉన్నారు. మంచివారే కానీ అందర్నీ ఆట పట్టిస్తారు. బతిమాలితే రారు, కోప్పడితే రారు. ఆయన్ని ఎవరైనా ఆట పట్టిస్తే తప్ప దొరకరు. మీకు చేతనవుతుందా?" అని రాశారావిడ. తన జీవితంలో రాసిన మొదటి ఉత్తరమట. నా జీవితంలో నాకొచ్చిన మంచి ఉత్తరం కూడా అదే. మీరు పేపరు చదివి వినిపించే సంగతీ అందులో ఉంది. దురద డాక్టరును ఆవిడ ఏనాడూ నమ్మలేదట.

మీరు సంతకం చేసింది బడి చేరికల పుస్తకంలో. ఇరవై అయిదో పేరు మీదే. బడి మూయరు. వచ్చినా, రాకపోయినా ఒకటే అనుకోవడానికి లేదు, హాజరు వేస్తారు.

నివేదికలో రాయని విషయం ఒకటుంది. ఆ చట్టం మొదటి చిత్తుప్రతిలో సాయంకాలపు బడులన్నీ రద్దు. ఉన్నదాన్ని తొందరపడి తీసేయకూడదని మూడు రోజులు మావాళ్ళతోనే పోట్లాడి, ఇరవై అయిదన్న అంకె పెట్టించాను. అంతకంటే కిందికి వాళ్ళు దిగలేదు. దానికి బదులుగా చెయ్యెత్తాను. ఈ సమావేశాల్లో నేను చేసిన పని ఏదైనా ఉంటే అదే. అచ్చువేస్తే మా పక్షంవాళ్ళు ఊరుకోరు. మీరూ మీ దుకాణంలో చెప్పకండి. చెప్పినా ఎవరూ నమ్మరనుకోండి, చెప్పేది మీరు కాబట్టి.

ఇట్లు,
మీ శాసనసభ్యుడు

తా.క. పేరు కొట్టివేయించుకోవాలంటే మీ సొంత దస్తూరీతో దరఖాస్తు రాసి తరగతి నాయకురాలికి ఇవ్వాలి. తరగతి నాయకురాలు మీ ఆవిడే.

మరో తా.క. ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తేల్చడానికి మీ మూడు ఉత్తరాలూ పంతులమ్మగారికి చూపించాను. చేతిరాత చూసి ఒకటో తరగతి అన్నారు. హాస్యాలు చదివి కాస్త మెత్తబడి రెండో తరగతి ఇచ్చారు. సోమవారం అయిదున్నరకు. పలక మీ ఆవిడ కొనేశారు.