తవ్వే ముందు చెప్పాల్సిన మాట

ఆదివారం, ఎల్బీనగర్

ఇయ్యాల నాయిన నా పక్కన కూసొని చైనా సీరియల్ చూసిండు. పాత సమాధులు తవ్వి బంగారం ఎత్తుకపోయే దొంగల కథ అది. ఎప్పుడు పెట్టినా "సచ్చినోళ్లను గూడ ఒదలరా వీళ్లు?" అని లేచి పోయేటోడు. ఇయ్యాలటి భాగంల హీరో శవపేటిక తెరిచే ముందు మోకాళ్ల మీద కూసొని దండం పెట్టి ఏదో అన్నడు.

"ఏమంటుండు బిడ్డా?"

కింద ఇంగ్లిష్‌ల ఒచ్చింది చదివి చెప్పిన. "నీ నిద్ర చెడగొడుతున్న, మన్నించు అంటుండు."

నాయిన రిమోట్ తీస్కొని టీవీ ఆపిండు. తర్వాత మెల్లగ చెప్పిండు. తుర్కయంజాల్‌ల రోడ్డు వెడల్పు చేస్తున్నరంట. బుధవారం నానమ్మ సమాధి తవ్వి వేరే తాన పెట్టాలంట. వారం నుంచి ఒక్కడే మనసుల పెట్టుకున్నడు.

"నువ్వు గూడ రా. తవ్వే ముందు మా అమ్మకు ఏం చెప్పాల్నో నాకు తెలుస్తలేదు."

ఒస్తనన్న. కానీ నాకు మాత్రం ఏం తెలుసు? ఒచ్చి రెండు రోజులు ఉండి పో బిడ్డా అని నానమ్మ ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు, దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్ ఉందని చెప్పి పెట్టేసిన. ఆ వారమంతా కోచింగ్‌కు సెలవులే. ముందు నానమ్మకు ఆ మాట చెప్పాలె. నాయిన పక్కనుంటడు, ఎట్ల చెప్పాల్నో...